ఉప్పుగాలిలో రెండు డిస్కులు

నౌపడ దాటగానే రోడ్డు పక్కన ఉప్పుమళ్లు మొదలయ్యాయి. ఆటో ముందుకు పోతుంటే గాలి ఎదురొచ్చి ముఖానికి కొడుతోంది. కాసేపటికి పెదవులు నాలుకకు ఉప్పగా తగిలాయి. ఒళ్లో ఉన్న సంచి జిప్పు మరోసారి లాగి చూసుకున్నాను. అందులో రికార్డరు, రెండు మైకులు, ల్యాప్‌టాప్, రెండు ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులు, అరచేతిలో ఇమిడే ఎస్‌ఎస్‌డీ ఒకటి ఉన్నాయి. నా పెదవులకు అంటిన ఉప్పే వాటి యూఎస్‌బీ మూతుల్లోకీ చేరుతుంది. భావనపాడులో ఉన్న మూడు రోజులూ నా భయం అదే.

వెళ్లింది పాటల కోసం. ఒడ్డున నిలబడి పెద్దవల లాగేటప్పుడు పాడే పాటలు మొదటి నుంచి చివరిదాకా వచ్చినవాళ్లు, నేను కలిసినంతలో, అందరూ డెబ్బై దాటినవాళ్లే. ఈ తీరం కుర్రాళ్లు ఎందరో గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి అక్కడి బోట్ల మీద పనిచేస్తారు. 2018 చివర్లో పాకిస్తాన్ వాళ్లకు పట్టుబడి, 2020 జనవరిలో విడుదలై వచ్చిన మత్స్యకారులు మన ఉత్తరాంధ్ర వాళ్లే. ఇంజిను బోటు మీద ఆ పాటతో పనిలేదు. దీనికి తోడు పక్కనే మూలపేట పోర్టు పని. మొదట్లో కాగితాల మీద దాని పేరు భావనపాడు పోర్టే. 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. పోర్టు మంచిదా చెడ్డదా అన్నది ఇక్కడ తేల్చే మాట కాదు. ఈ ఒడ్డున అల చప్పుడు ఇప్పుడు ఉన్నంత ఒంటరిగా రేపు వినిపించదన్నది మాత్రం ఖాయం. అందుకే పాటతోపాటు ఆ చప్పుడు కూడా పట్టుకోవాలనుకున్నాను.

ఆ పాటలు వచ్చినవాళ్లలో ఒక తాత, నేను వెళ్లేసరికి అరుగు మీద కూర్చుని వల బాగుచేస్తున్నాడు. తెగిన కన్నును వేలితో వెతికి, నూలు చుట్టి, ముడి వేసి, పంటితో తెంపుతున్నాడు. ముడి వేశాక ప్రతిసారీ రెండు చేతులతో గట్టిగా లాగి చూస్తున్నాడు. నా డిస్కు చూసి అడిగాడు.

“ఏటి బాబూ, ఈ పాటంతా ఆ డబ్బాలో పడతాదా?”

“పడుతుంది తాతా. రాత్రీ పగలూ నెల రోజులు పాడినా ఇంకా చోటుంటుంది.”

“నెల్లాళ్లు పాడ్డానికి నాకొచ్చిన పాటలు సాలవు కదేటి.”

నేను చెప్పింది గొప్ప కోసం కాదు. 24 బిట్లు, 48 కిలోహెర్ట్జుల నాణ్యతతో స్టీరియో రికార్డింగు గంటకు ఒక గిగాబైటు కంటే కొంచెం ఎక్కువ. ఒక టెరాబైటు డిస్కులో దాదాపు 960 గంటలు పడతాయి. పాత రేడియో రోజుల్లో ఏడంగుళాల స్పూలు, 1200 అడుగుల టేపు, సెకనుకు ఏడున్నర అంగుళాల వేగంతో తిరిగితే వచ్చేది 32 నిమిషాలు. వేగం సంగతీ అంతే. ఎనిమిది మైకులు ఒకేసారి పెట్టినా సెకనుకు దాదాపు 1.15 మెగాబైట్లే. మామూలు హార్డ్ డిస్కు కూడా దానికి ఎన్నో రెట్లు రాయగలదు. కాబట్టి మాటలు, పాటలు పట్టుకునేవాళ్లు దుకాణంలో వేగం అంకెలు చూసి డబ్బు ఎక్కువ పెట్టక్కర్లేదు. నిలిచి ఉంటుందా లేదా అన్నదొక్కటే చూడాలి.

మొదటి రోజు నేను తప్పు చేశాను. ల్యాప్‌టాప్‌కు హార్డ్ డిస్కు తగిలించి నేరుగా దాని మీదికే రికార్డు చేశాను. డిస్కు బల్ల మీద ఉంది. మైకు స్టాండు కూడా అదే బల్ల మీద. తాత రెండు పాటలు పాడాడు, గొంతు బాగా పలికింది. హెడ్‌ఫోన్సు ఆయన చెవులకు పెట్టి వినిపించాను. కళ్లు మూసుకుని విన్నాడు. పాటకూ పాటకూ మధ్య ఖాళీ వచ్చినప్పుడు చెయ్యెత్తాడు.

“ఈ గుయ్యిమనేదేటి బాబూ?”

దూరాన ఏదో బోటు పోతోందేమో అన్నాను.

“బోటు కాదు. బోటింజినైతే అలెక్కినపుడు ఒక మోత, దిగినపుడు ఒక మోత. ఇది ఒకేలాగుంది. ఇది ఇంట్లోదే.”

హెడ్‌ఫోన్సు తీసుకుని మళ్లీ విన్నాను. ఆయన చెప్పింది నిజం. నా డిస్కు నిమిషానికి 5400 సార్లు తిరిగే రకం. అంటే సెకనుకు 90 చుట్లు. ఆ 90 హెర్ట్జుల అదురు డిస్కులోంచి బల్లకు, బల్ల నుంచి స్టాండుకు, స్టాండు నుంచి మైకుకు పాకింది. తర్వాత ఫిల్టరుతో కోసేద్దామంటే మగవాళ్ల గొంతులో కింది స్వరం ఉండేదీ ఆ చుట్టుపక్కలే. గుయ్యిమనే మోతతోపాటు తాత గొంతులోని బరువూ పోతుంది. నలభై ఏళ్లు సముద్రం మీద చెవితో ఇంజిన్లను పోల్చుకున్న మనిషి పట్టేశాడు కాబట్టి సరిపోయింది. డిస్కు పీకేసి, మెమరీ కార్డున్న రికార్డరు పెట్టి మళ్లీ పాడించాను. రెండోసారి ఆయన రెండో చరణం వేరేగా పాడాడు. మోత ఉన్నదీ లేనిదీ రెండూ ఉంచాను.

ఇక్కడ ఎస్‌ఎస్‌డీ మాట రావాలి. దానిలో తిరిగేదేమీ లేదు, చప్పుడు లేదు, ఆటో కుదుపుకు చలించదు. పని జరుగుతున్నప్పుడు దగ్గరుండాల్సింది అదే. కానీ దాన్ని బీరువాలో పెట్టి ఏళ్లు మరిచిపోవడానికి లేదు. దానిలో సమాచారం విద్యుదావేశంగా నిలుస్తుంది. కరెంటు తగలకుండా ఎండాకాలాలు గడిచేకొద్దీ, అందులోనూ బాగా వాడి అరిగిపోయిన దానిలో, ఆ ఆవేశం జారిపోతుంది. పైగా పాడయ్యే ముందు చాలాసార్లు ఏ సూచనా ఇవ్వదు. హార్డ్ డిస్కు అయస్కాంతం మీద రాస్తుంది, ఊరికే ఉంచినా నిలకడగా ఉంటుంది. పాడయ్యేటప్పుడు చాలాసార్లు టిక్కుటిక్కుమంటుంది, కాపీ నత్తనడక నడుస్తుంది, వినేవాడికి ముందే తెలుస్తుంది. అందుకే పనికి ఎస్‌ఎస్‌డీ, దాచడానికి హార్డ్ డిస్కు అన్నది నా పద్ధతి.

హార్డ్ డిస్కులు తయారుచేసే కంపెనీలు ప్రపంచంలో మిగిలినవి మూడే: వెస్టర్న్ డిజిటల్, సీగేట్, తోషిబా. వీటిలో ఏది గట్టిదని నన్ను తరచూ అడుగుతారు. అమెరికాలోని బ్యాక్‌బ్లేజ్ అనే సంస్థ తన దగ్గర నడిచే లక్షల డిస్కుల లెక్క 2013 నుంచి బయటపెడుతోంది. 2023లో దాని డిస్కుల్లో పాడైనవి నూటికి 1.70. కానీ అవి చల్లని గదుల్లో, బిగించిన చోట కదలకుండా తిరిగే డిస్కులు. సంచిలో పడి నౌపడ నుంచి భావనపాడుకు ఆటోలో వచ్చే డిస్కు బతుకు వేరు. అందువల్ల నేను పేరు చూసి కొనను. వేర్వేరు కంపెనీలవి రెండు కొంటాను. ఒకే కంపెనీవి, ఒకే రోజు తయారైనవి అయితే ఒకే లోపం రెంటిలోనూ ఉండవచ్చు.

కొనేముందు రెండు సంగతులు అడుగుతాను. ఒకటి, లోపలి రాత పద్ధతి. పెద్ద సైజు పోర్టబుల్ డిస్కులు చాలావరకు గీతలను పెంకుటింటి కప్పులా ఒకదాని అంచు మీద మరొకటి వచ్చేలా రాస్తాయి. చోటు కలిసొస్తుంది. కానీ కింది పెంకు మార్చాలంటే పైవి లేపాలి కదా, అలాగే నిండిన డిస్కులో కొంత తీసేసి మళ్లీ రాయబోతే అది తడబడుతుంది. పాత రికార్డింగులు ఒక్కసారి రాసి ఉంచడానికి ఇబ్బంది లేదు. దాని మీదే నేరుగా రికార్డింగు, ఎడిటింగు చేయడానికి మాత్రం వద్దు. రెండోది, యూఎస్‌బీ మూతి. కొన్నిటిలో అది డిస్కు బోర్డుకే అతికించి ఉంటుంది. మూతి విరిగినా తుప్పు పట్టినా లోపలి డిస్కును తీసి వేరే పెట్టెలో వేసుకునే వీలుండదు. సముద్రం పక్కన పనిచేసేవాడికి ఇది చిన్న విషయం కాదు. మరీ చవగ్గా, నమ్మలేనంత చోటుందని అమ్మే వాటి జోలికి పోను. ఏది కొన్నా మొదట దాన్ని అంచుదాకా నింపి, తిరిగి చదివించి, ఆ తర్వాతే పనిలోకి దింపుతాను.

రెండో రోజు సాయంత్రం కరెంటు పోయింది. తాత మనవడి పాత ల్యాప్‌టాప్‌లో కాపీ చేద్దామని చూస్తే డిస్కు టిక్కుమని ఆగింది, మళ్లీ టిక్కుమని ఆగింది. పాడైందనుకుని కుర్రాడు బెంబేలెత్తాడు. పాడు కాలేదు. పాత యూఎస్‌బీ 2.0 మూతి ఇచ్చేది 500 మిల్లీఆంపియర్లే. పళ్లెం తిరగడం మొదలుపెట్టే క్షణంలో డిస్కుకు అంతకంటే ఎక్కువ కావాలి. నా ల్యాప్‌టాప్‌కు, డిస్కుతో వచ్చిన పొట్టి కేబులుకు మార్చగానే తిరిగింది. పొడుగు కేబులు, వదులు కేబులు చంపినన్ని డిస్కులను దెబ్బలు కూడా చంపలేదేమో అనిపిస్తుంది నాకు.

దెబ్బ సంగతి నాకు బాగా తెలుసు. కొన్నేళ్ల కిందట బొబ్బిలి వైపు ఒక ముసలావిడ చెప్పిన జముకులకథ తొమ్మిది గంటలు రికార్డు చేశాను. ఒకే డిస్కులో ఉంది. తిరుగుతున్న డిస్కు కేబులు నా కాలికి తగిలి మంచం మీద నుంచి కింద పడింది. మంచం ఎత్తు ఎంతని! చదివే సూది పళ్లేన్ని గీరేసింది. పెద్ద ఊళ్లో చూపించాను, ఏమీ రాలేదు. మళ్లీ చెప్పించుకుందామని ఆ ఊరు వెళ్లేసరికి ఆవిడ లేదు. ఆ తొమ్మిది గంటల్లో నాకు గుర్తున్నది ఆవిడ మధ్యలో నీళ్లు తాగి గ్లాసు పెట్టిన చప్పుడు. అప్పటి నుంచి ఒక్క కాపీతో ఏ ఊరి నుంచీ కదలలేదు.

రెండు కాపీలు ఒక్కచోట ఉంటే ఒక్కదాని కిందే లెక్క. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను ఈ తీరాన్నే కొట్టింది. ఉద్దానంలో కొబ్బరి చెట్లు వరసలు వరసలుగా ఒరిగిపోయాయి. ఎన్నో ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి రాత్రి ఒకే ఇంట్లో, ఒకే బీరువాలో ఉన్న మూడు డిస్కులు ఏం మిగులుతాయి? అందుకే భావనపాడు పాటల కాపీ ఒకటి విశాఖలో స్నేహితుడి ఇంట్లో ఉంటుంది, ఒకటి నా దగ్గర ఉంటుంది.

రాత్రి డిస్కులు సర్దుతుంటే తాత ఇంట్లోని అవ్వ ఒక పాలపొడి డబ్బా తెచ్చింది. అడుగున గుప్పెడు బియ్యం, వాటి మీద అగ్గిపెట్టెలు, రేషను కార్డు.

“ఇందల పెట్టు నాయినా. సెమ్మ తగలదు. మా అగ్గిపుల్లలు వానల్లో కూడా ఎలుగుతాయి.”

ఆమె లెక్క సరైనదే. మామూలు హార్డ్ డిస్కుకు గాలి పీల్చుకునే సన్నని రంధ్రం ఉంటుంది. దానికి వడపోత ఉన్నా చెమ్మ లోపలికి పోతుంది. బియ్యం నుసి మూతిలో చేరుతుందని మాత్రం నా భయం. అందుకని సిలికా జెల్ పొట్లాలు చూపించాను. డిస్కు, పొట్లాలు కలిపి జిప్పు కవర్లో పెట్టి, ఆ కవరును ఆమె డబ్బాలో బియ్యం మీదే ఉంచాం. పొద్దున తీసి చూస్తే కవరు పొడిగా ఉంది. బయట వదిలేసిన మైకు స్టాండు మరలు మాత్రం జిడ్డుగా తగిలాయి. మెత్తటి గుడ్డతో యూఎస్‌బీ మూతులన్నీ తుడిచాను. ఒడ్డున ఒకాయన బోటింజిను మీద మంచినీళ్లు పోసి కడుగుతున్నాడు. ఎవరి తుప్పు పని వాళ్లది.

మూడో రోజు సాయంత్రం నౌపడ స్టేషన్లో రైలుకు ఇంకా గంటన్నర ఉంది. ప్లాట్‌ఫాం బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచి చెక్‌సమ్‌లు పోల్చడం మొదలుపెట్టాను. ప్రతి ఫైలుకూ ఒక వేలిముద్ర లాంటి అక్షరాల వరస వస్తుంది. కార్డు మీది వరసా డిస్కు మీది వరసా ఒకటైతే కాపీ చెక్కుచెదరలేదని అర్థం. మొత్తం 41 ఫైళ్లు. 40 కుదిరాయి. 27వది కుదరలేదు. తాత రెండోసారి పాడిన పాట అదే. పేరు ఉంది, సైజు కూడా అదే ఉంది, వినిపించి చూస్తే మొదటి నిమిషం బాగానే ఉంది. మధ్యలో ఎక్కడో కాసిన్ని బిట్లు మారిపోయాయి. బహుశా కరెంటు పోయిన సాయంత్రం ఆ పాత ల్యాప్‌టాప్‌తో తంటాలు పడినప్పుడే.

కార్డు నేను తుడిచెయ్యలేదు. రెండు కాపీలూ సరిపోలేదాకా కార్డు జోలికి పోకూడదన్నది బొబ్బిలి తర్వాత పెట్టుకున్న నియమం. పొట్టి కేబులు తగిలించి 27ను మళ్లీ కాపీ చేశాను. వరసలు రెండూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం వేలు పెట్టి చూసుకున్నాను. ఈసారి కుదిరాయి. రైలు కూత వినిపించింది. డిస్కును తెర మీద ఎజెక్ట్ చేసి, పళ్లెం తిరగడం ఆగేదాకా అరచెయ్యి దాని మీద ఉంచి, ఆ తర్వాత కేబులు తీశాను.