ఆషాఢం గాలి

కుప్పంలో ఉండే మా అక్క కొడుకు రామేశ్వరం పోయి కైట్ సర్ఫింగ్ నేర్చుకొచ్చినాడు. పెద్ద గాలిపటం లాగుతుంటే కాళ్ల కింద పలకతో నీళ్లమీద జారడం. 'మామా, పుంగనూరు దగ్గర మీ ఊరి చెరువులో ఆషాఢంలో బలే గాలి గదా, అక్కడ చేద్దామా?' అన్నాడు.

నాకు గుండె జల్లుమంది.

పదేళ్లప్పుడు అదే గాలికి లారీ ట్యూబు మీద కూర్చుని, చొక్కా విప్పి రెండు చేతులా తెరచాపలా పట్టుకున్నా. పడమటి అంచున మోకాటి లోతే. గాలీ పడమటిదే. తిరిగి చూసేసరికి తూర్పు కట్ట కింద, తూము దగ్గర లోతులో ఉన్నా. అలలకి ట్యూబు రాళ్లకు కొట్టుకుంటోంది. ఈత రాదు. గొర్రెలు మేపుతున్న తాతొకాయన 'ట్యూబు ఇడ్సొద్దురేయ్!' అని అరిచి, తలగుడ్డ విసిరి లాగినాడు. మదనపల్లెలో ఉన్న మా అమ్మకు ఈ సంగతి ఇప్పటికీ తెలీదు.

వాడు నవ్వలేదు. 'మాకు మొదట నేర్పింది అదే మామా. గట్టు నుంచి నీళ్లలోకి కొట్టే గాలికి దిగకూడదు, ఒంటరిగా అసలే పోకూడదు. పటం మాట వినకపోతే వెంటనే విడిపించే పిడి ఉంటుంది.'

నన్ను పట్టుకోమన్నారు, వాణ్ణి వదిలెయ్యమన్నారు!

చెరువు మాత్రం వద్దన్నా. చుట్టూ కరెంటు తీగలు, తుమ్మచెట్లు. 'మీ కుప్పం పక్కనే పాలారు ఉంది గదరా' అన్నా.

'నీళ్లేవి మామా?' అన్నాడు.