చేతికి తెలియని గేరు

కియా అన్న పేరు నేడు తెలుగువారికి కొత్తది కాదు. పెనుకొండ చేరువలోని కర్మాగారం నుంచి 2019లో మొదటి కారు వెలువడినది మొదలు ఆ రెండక్షరాలు అనంతపురం సీమ మాటలలో కలిసిపోయాయి. అయితే అదే కంపెనీ ఒకప్పుడు అమెరికాలో ఒక మహారాజ వాహనాన్ని అమ్మజూసిందనీ, అది అమ్ముడుపోక మరుగున పడిందనీ మన వైపు ఎరిగినవారు తక్కువ. అది భారతదేశానికి రానేలేదు. వచ్చిన దేశంలోనూ దానిని రోడ్డు మీద చూసినవారు అరుదే.

2012లో కొరియాలో ‘కె-9’ అన్న పేరుతో పుట్టిన ఆ కారు, 2014లో ‘కె-900’గా పేరు మార్చుకొని అమెరికా చేరింది. అయిదు లీటర్ల ఇంజను, ఎనిమిది సిలిండర్లు, 420 అశ్వశక్తి, ఎనిమిది గేర్లు, ఇంచుమించు 60 వేల డాలర్ల ధర. అంత సొమ్ము పెట్టగలవాడు మెర్సిడెస్ దుకాణానికో, లెక్సస్ దుకాణానికో పోవడం అక్కడి ఆనవాయితీ. కియా అంటే చవక కారు అన్న ముద్ర అప్పటికింకా చెరిగిపోలేదు. మొదటి సంవత్సరం అంతటి దేశంలో అమ్ముడైనవి 1,330 మాత్రమే. 2016 నుంచి ఏటా వేయికి లోపే. 2018లో కారును ఆమూలాగ్రం మార్చి మళ్లీ తెచ్చారు. రాత మాత్రం మారలేదు. 2020 నమూనాతో అమెరికాలో దాని కథ ముగిసింది.

బాస్కెట్‌బాల్ క్రీడాకారుడు లెబ్రాన్ జేమ్స్ ఈ కారు నడుపుతున్నాడని 2014లో కంపెనీ చాటినప్పుడు చాలామంది నమ్మలేదు. కోట్లకు పడగలెత్తినవాడు కియా ఎక్కుతాడా అన్నారు. చివరికి కంపెనీ ఆ అనుమానాన్నే తన ప్రకటనలకు వస్తువు చేసుకున్నది. పాపం, అంత పెద్ద కారుకు పట్టిన గతి అది. దానిని నడుపుతున్నానని చెప్పుకుంటే సాక్ష్యం అడిగేవారు.

కొన్నవారి అభిప్రాయాలు మాత్రం వేరు. వారు తమ కారును గురించి చెప్పేటప్పుడు స్వరంలో ఒక రహస్యపు సంతోషం వినిపిస్తుంది. బయటి రొద లోపలికి రాదు. వెనుక సీటు పడక కుర్చీలా వాలుతుంది. గతుకులు కాళ్లకు చేరేలోగానే కరిగిపోతాయి. పెట్రోలు బంకు దగ్గర ఎవరో ఒకరు వచ్చి ఇదేమి కారని అడుగుతారు; పేరు చెబితే మరొకసారి చుట్టూ తిరిగి చూస్తారు. కొత్తది కొన్నవాడు మూడు నాలుగేళ్లలో సగం ధర పోగొట్టుకున్న మాట నిజమే. పాతది కొన్నవాడికి అదే వరమయింది. రాజుగారి పల్లకి అంగడి ధరకు దొరికినట్లు వారు మురిసిపోతారు.

ఈ మురిపెం నడుమ, ఒక వస్తువు దగ్గరికి వచ్చేసరికి మాట కొంచెం తడబడుతుంది. అది గేరు మార్చే పిడి.

చూడడానికి ముచ్చటైనదే. అరచేతిలో ఇమిడే చిన్న పిడి. పక్కనున్న మీట నొక్కి ముందుకు తోస్తే రివర్సు. వెనక్కి లాగితే ముందుకు నడిచే గేరు. నిలిపి ఉంచాలంటే నెత్తిన ఉన్న ‘పి’ అన్న బొత్తాం నొక్కాలి. విచిత్రమేమంటే, ఎటు తోసినా, ఎటు లాగినా, వదలగానే ఆ పిడి మళ్లీ నడుమకే వచ్చి నిలుచుంటుంది. కారు ముందుకు పోతున్నా అది అక్కడే, వెనక్కి పోతున్నా అక్కడే. ఏ గేరులో ఉన్నదో తెలియాలంటే ఎదురుగా మీటర్ల పలక మీద వెలిగే అక్షరాన్ని చూడవలసిందే. ఇది కియా వారి సొంత ఊహ కాదు. ఖరీదైన జర్మను కార్లలో అప్పటికే ఉన్న పద్ధతి. టొయోటా ప్రియస్ 2003లోనే ఈ తీరు పిడితో వచ్చింది.

పాత పద్ధతిలో ఆటోమేటిక్ కారు గేరు రాడ్డు ఒక తాడు ద్వారా గేరు పెట్టెను నేరుగా కదిలించేది. ‘పి’లో పెట్టడమంటే, పెట్టెలోని పళ్ల చక్రం సందులో ఒక ఉక్కు కొక్కెం దిగడం. రాడ్డు ఎక్కడ నిలిస్తే గేరు అక్కడ ఉన్నట్టు. కొత్త పద్ధతిలో పిడికీ పెట్టెకూ నడుమ తీగలు, కంప్యూటరు తప్ప మరేమీ లేవు. పిడి ఆజ్ఞ ఇవ్వదు, విన్నవించుకుంటుంది. వినదగిన మనవి అయితే కంప్యూటరు నెరవేరుస్తుంది. ఇందులో మేలు లేకపోలేదు. వేగంగా పోతుండగా పొరపాటున రివర్సుకు తోస్తే అది లక్ష్యపెట్టదు. రాడ్డుకు కావలసిన చోటు మిగిలి, సీట్ల నడుమ సామాను పెట్టుకోవడానికి వీలవుతుంది. ఇంజను ఆపగానే తనంత తానే ‘పి’లో పడే ఏర్పాటు కూడా ఇటువంటి పలు కార్లలో ఉన్నది. వీటిని కాదనలేము. పోయినది ఒక్కటే: చేతికి ఉన్న తెలివి.

మన దేశంలో అంబాసిడర్, ఫియట్ కార్లు నడిపిన తరానికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. స్టీరింగు పక్కన ఉండే ఆ గేరు రాడ్డును కన్నెత్తి చూసినవాడెవడు? మోచేయి వంగిన తీరును బట్టే గేరు తెలిసేది.

అట్లాంటా శివార్లలో స్థిరపడిన అనంతపురం ఇంజనీరు ఒకాయన రెండో చేతి మీద ఈ కె-900 కొన్నాడు. ఆయన తండ్రి ఆర్.టి.సి.లో ముప్పై రెండేళ్లు బస్సు నడిపి విశ్రాంతి తీసుకున్న మనిషి. డబుల్ క్లచ్ తొక్కనిదే గేరు పడని బండ్లతో ఉద్యోగం మొదలుపెట్టి, ఘాటు రోడ్ల మీద రాత్రిళ్లు గడిపినవాడు. కొడుకు ఇంటికి వచ్చిన మర్నాడే కారెక్కాడు. వెనుక సీటు చూపిస్తే వద్దని ముందు కూర్చున్నాడు. కారు మెత్తదనాన్ని గురించి ఒక్క మాట అనలేదు. దారి పొడుగునా కొడుకు కుడిచేతినే చూస్తూ వచ్చాడు. ఇల్లు చేరాక, ఇంజను ఆపకముందే అడిగాడు:

“చీకట్లో ఇది ఏ గేర్లో ఉండాదో నీ చెయ్యికి ఎట్ల తెలుస్తాది రా?”

“ఎదురుగా అక్షరం వెలుగుతుంది నాయనా, చూడు.”

“చూస్తే కంటికి తెలుస్తాది. నేనడిగింది చెయ్యి సంగతి.”

కొడుకు నవ్వి ఊరుకున్నాడు. కంప్యూటరు ఎంత జాగ్రత్త గలదో రాత్రి భోజనాల వేళ విపులంగా చెప్పాడు. తండ్రి అంతా విన్నాడు. తెల్లవారి కారు వెనుక టైర్ల కింద రెండు ఇటుకలు కనిపించాయి. ఆ ఇంటి ముందు దారి వీధి వైపుకు వాలుగా ఉంటుంది.

ముసలివాని చాదస్తమని దీనిని కొట్టివేయవచ్చు. 2016 సంవత్సరం గుర్తున్నవారు మాత్రం అంత తేలికగా కొట్టివేయలేరు. ఆ ఏటి వార్త కియాది కాదు. ఇదే జాతికి చెందిన మరొక పిడిది. ఫియట్ క్రైస్లర్ కంపెనీ క్రైస్లర్ 300, డాడ్జ్ చార్జర్ అనే సెడాన్లలోనూ, జీప్ గ్రాండ్ చెరోకీలోనూ నడుమకు తిరిగి వచ్చే పిడినే అమర్చింది. వాటిలో ‘పి’కి వేరే బొత్తాం లేదు; అదే పిడిని ముందుకు చివరిదాకా తోయాలి. కొంచెం తక్కువ తోస్తే రివర్సులోనో, న్యూట్రల్‌లోనో ఆగేది. చేతికి మాత్రం తేడా తెలిసేది కాదు, ఎంత తోసినా పిడి తిరిగి వచ్చేది ఒక్కచోటికే కదా! జనం కారు నిలిచిందనుకొని దిగేవారు. దాని దోవన అది కదిలిపోయేది.

2016 ఏప్రిల్‌లో ఆ కంపెనీ ప్రపంచమంతటా 11 లక్షల వాహనాలను వెనక్కి పిలిచింది. అప్పటికి 41 మంది గాయపడడానికి దీనితో సంబంధం ఉండవచ్చునని తానే చెప్పింది. ప్రమాదాలకు లోనైన వాహనాలను పరీక్షిస్తే యంత్రలోపమేదీ కనిపించలేదని కూడా చెప్పింది. ఆ మాట దగ్గర కాసేపు ఆగవలసి ఉన్నది. మర విరగలేదు, తీగ తెగలేదు. నేర్పిన దానిని నేర్పినట్లే యంత్రం చేసింది. అమెరికా రహదారి భద్రతా సంస్థ మాత్రం, ఆ పిడి పని తీరు సహజంగా స్ఫురించేది కాదనీ, చేతికీ కంటికీ అది తగినంత సూచన ఇవ్వదనీ తేల్చింది.

అదే ఏడు జూన్ 19న ఆంటన్ యెల్చిన్ అనే యువనటుడు లాస్ ఏంజెలస్‌లో తన ఇంటి వద్ద మరణించాడు. ‘స్టార్ ట్రెక్’ చిత్రాలలో చెకోవ్ పాత్ర ధరించినవాడు. వయస్సు 27 ఏళ్లు. ఏటవాలు దారిలో కారు దిగి కిందికి వెళ్లాడు. వెనుకనుంచి తన కారే దొర్లివచ్చి ఇటుక స్తంభానికీ తనకూ నడుమ ఎడం లేకుండా చేసింది. అది 2015 నమూనా గ్రాండ్ చెరోకీ, వెనక్కి పిలిచిన జాబితాలో ఉన్నదే.

తరువాత చేసిన దిద్దుబాటు కూడా గమనింపదగ్గది. పిడిని మార్చలేదు. గేరు ‘పి’లో లేకుండా చోదకుడు బెల్టు విప్పి తలుపు తీస్తే కారు తనంత తానే ‘పి’లో పడేటట్లు కంప్యూటరుకు పాఠం చెప్పారు. చేతికి తిరిగి ఇచ్చింది ఏమీ లేదు. మనిషి మరచినా యంత్రం మరవకుండా చూశారు.

అమెరికావారికి ఇది తొలి పాఠమూ కాదు. వెనుకటి రోజులలో కొన్ని ఆటోమేటిక్ కార్ల గేరు వరుసలో రివర్సు ఒక కొసన, చిన్న గేరు పక్కనే ఉండేది. చిన్న గేరు వేయబోయి రివర్సు వేసి ప్రమాదాలు తెచ్చుకున్నవారున్నారు. రాల్ఫ్ నేడర్ 1965లో వెలువరించిన తన ప్రసిద్ధ గ్రంథంలో దీనిని ఎత్తిచూపాడు. 1968 జనవరి 1 నుంచి అమలైన ప్రభుత్వ నిబంధన, ముందు గేరుకూ రివర్సుకూ నడుమ న్యూట్రల్ ఉండి తీరాలన్నది. పార్కు, రివర్సు, న్యూట్రల్, డ్రైవు అన్న వరుస ప్రతి కంపెనీకీ ఒక్కటే అయింది. అటుపిమ్మట ఒక తరం పాటు ఎవరి కారు ఎవరు ఎక్కినా చేయి తడుముకోవలసిన పని లేకపోయింది. ఆ కాలంలో ఆ వరుస ఎంత గొప్ప ఆస్తి అన్నది ఎవరికీ తట్టలేదు. ఇంటి గడప ఎత్తు పాదానికి తెలిసి ఉండడం వంటిది అది.

కె-900 కు ‘పి’ బొత్తాం విడిగా ఉండడం మేలైన సంగతే. కొన్ననాడు పిడిని చూసి విసుక్కున్నవారు సైతం నెల తిరిగేసరికి అలవాటు పడ్డామంటారు. అది నిజమే కావచ్చు. అయితే కారును యజమాని ఒక్కడే ముట్టుకోడు. హోటలు ముంగిట తాళం అందుకొని కారును నిలబెట్టి వచ్చే కుర్రవాడున్నాడు. మెకానిక్ ఉన్నాడు. చుట్టపు చూపుగా వచ్చి, పాలకో మందులకో అని కారు తీసే బావమరిది ఉన్నాడు. ఊరంతా ఉండే కారయితే వారికి ఎక్కడో ఒకచోట అలవాటు పడి ఉంటుంది. ఏడాదికి కొన్ని వందలు మాత్రమే అమ్ముడయిన కారును వారు పుట్టి బుద్ధెరిగి చూసి ఉండరు. అపురూపమని యజమాని మురిసే గుణమే వారి పాలిటికి తెలియనితనం. అందుకే ఈ కారు యజమానులలో జాగ్రత్తపరులు తాళం చేతికిచ్చేటప్పుడు ఒక్క నిమిషం నిలిచి పిడి సంగతి చెప్పి మరీ ఇస్తారు.

అట్లాంటా ఇంజనీరు ఇటుకలను తీసివేశాడు. కాని తండ్రి ఉన్న ఆరు నెలల్లో ఆయనకు ఒక వరుస పట్టుబడింది. కారు ఆపగానే కాలు బ్రేకు మీదనే ఉంచి, ముందు పార్కింగ్ బ్రేకు వేస్తాడు. అప్పుడు ‘పి’ నొక్కుతాడు. ఎదుట అక్షరం వెలిగిందో లేదో చూస్తాడు. ఆ తరువాతనే ఇంజను ఆపడం, బెల్టు విప్పడం. పక్కన కూర్చున్న భార్య పూజలో ఆచమనం లాగున్నదని వేళాకోళం చేస్తుంది.

ఇప్పుడు ఈ సంగతి కె-900 తో ఆగేది కాదు. 2022లో భారతదేశంలో అమ్మకానికి వచ్చిన కియా ఇ.వి.-6 విద్యుత్ కారులో పిడి కూడా లేదు. సీట్ల నడుమ ఒక గుండ్రని బిళ్ల ఉన్నది. దానిని కుడికి తిప్పితే ముందుకు, ఎడమకు తిప్పితే వెనక్కి, నడిబొడ్డున నొక్కితే ‘పి’. వదలగానే అది మళ్లీ మొదటి చోటికే వచ్చి నిలుస్తుంది.