ఈకలు అరిగి రంగు తేలే కాలం

మాఘ ఫాల్గుణ మాసాల నడుమ, ఆకులు రాల్చిన బూరుగ, మోదుగ చెట్లు కొమ్మకొమ్మనా ఎర్రగా పూచే రోజులు తెలుగు నేలపై అడవి పక్షుల ఛాయాచిత్రణకు ఎంతో అనుకూలమైనవి. ఆకుల మరుగు లేనందున పక్షి నిలువెల్లా కనిపిస్తుంది, పూలలో తేనె ఉన్నంతసేపూ ఆ చెట్టుకే తిరిగి తిరిగి వస్తుంది. ఈ సౌలభ్యం కన్నా మిన్న అయిన విశేషం, ఒకే పక్షి రూపం కొద్ది వారాల్లోనే మారిపోవడం.

ఇందుకు గులాబి గోరింక చక్కని నిదర్శనం. మధ్య ఆసియా గడ్డిమైదానాలలో పిల్లలకు మిడతలను మేపి పెంచుకొనే ఈ పక్షి వానకాలం నుంచే భారతదేశానికి చేరుకొని, చలికాలంలో జొన్నచేలపై గుంపులుగా వాలి, పూలు విచ్చే వేళకు బూరుగ, మోదుగలను ఆశ్రయిస్తుంది. తేనె తాగుతూ ముఖానికి అంటిన పుప్పొడిని చెట్టు నుంచి చెట్టుకు చేరవేస్తుంది. చలికాలంలో దాని ఒళ్లు మాసినట్టు కనిపించడానికి కారణం, కొత్తగా మొలిచిన ఈకల గోధుమవన్నె అంచులు తల నలుపునూ వీపు గులాబినీ కప్పి ఉంచడమే. మళ్లీ ఈకలు మార్చుకోకుండానే, ఆ అంచులు అరిగిపోతున్నకొద్దీ అడుగున ఉన్న రంగు పైకి తేలుతుంది. జనవరిలో తీసిన చిత్రాన్నీ మార్చి చివర తీసిన చిత్రాన్నీ పక్కపక్కన చూసినవారు అవి రెండు వేర్వేరు జాతులని భ్రమపడవచ్చు గాని, రెండింటిలో ఉన్నవీ అవే ఈకలు.

ఈ పక్షిని చిత్రించడం తేలిక కాదు. కెమెరా తనంతట తాను ఎక్స్‌పోజర్‌ను, అంటే లోపలికి రానిచ్చే కాంతిని, నిర్ణయించుకొంటే తెల్లని ఆకాశపు వెలుగుకు లోబడి కాంతిని తగ్గిస్తుంది. పక్షి నల్లని నీడగా మిగులుతుంది. ఒక స్టాప్, అంటే రెట్టింపు కాంతి, అదనంగా ఇస్తే ఈకల వివరం దక్కుతుంది గాని, ఎండలో మెరిసే ఎర్రని రేకులు చారలు చెరిగిపోయి ఒకే ముద్దగా మారే ప్రమాదం ఉంది. ఉదయపు సూర్యుడు ఛాయాచిత్రకారుని వెనుకా నీలాకాశం పక్షి వెనుకా ఉండే చోటును వెతుక్కోవడమే ఇందుకు ఉత్తమమైన ఉపాయం.

పులికాట్ సరస్సు బురద మేటలపై ఇదే మార్పు వేరొక దారిలో సాగుతుంది. ఆర్కిటిక్ సైబీరియాలో గుడ్లు పెట్టే కర్ల్యూ శాండ్‌పైపర్ చలికాలంలో బూడిదరంగులో ఉండి, ప్రయాణానికి ముందు పాత ఈకలు రాల్చి ఇటుక ఎరుపు ఈకలు తొడుక్కొంటుంది. ఈ ఈక మార్పిడినే మౌల్ట్ అంటారు. ఏప్రిల్‌లో సగం బూడిద, సగం ఎరుపుగా ఉన్న పక్షిని, అందం చాలదని, వదిలివేయడం తగదు. మార్పు ఎంతవరకు వచ్చిందో చెప్పగలిగేది ఆ చిత్రమే. పొద్దెక్కితే వేడెక్కిన బురద మీది గాలి అలల్లా కదిలి దూరపు పక్షిని చెదరగొడుతుంది. ఎంత ఖరీదైన లెన్సూ దాన్ని సరిదిద్దలేదు.

వలసపక్షి రాక అందరి కంటా పడుతుంది గాని, పోక ఎవరూ గమనించకుండానే జరిగిపోతుంది. ఒక గుంపు చివరిసారిగా కనిపించిన రోజు ఏదో ఆనాడు తెలియదు, తర్వాత వారాలపాటు అది కనబడకపోయినప్పుడే తెలుస్తుంది. అందుచేత అరుదైన పక్షి కోసం ఊళ్లు తిరగడం కన్నా, తేదీ, ఊరు నమోదు చేసుకొంటూ ఒకే బూరుగచెట్టును ప్రతివారం చిత్రించేవారి పని విలువైనది. గులాబి గోరింకల మామూలు గుంపే కదా అని ఏప్రిల్ మొదట్లో కెమెరా దించివేస్తే, ఆ ఏడాది వాటి ప్రయాణపు తేదీ ఎవరి దగ్గరా మిగలదు.