లేపాక్షిలో చిన్నారి చదువు

అనంతపురపు మెట్టనేలలో వేరుసెనగ చేలు వానకై యెదురుచూచుచుండగా మేము లేపాక్షి చేరితిమి. 16వ శతాబ్దమున అచ్యుతరాయల కాలమందు వెలసిన వీరభద్రాలయపు పైకప్పుమీది కిరాతార్జునీయ చిత్రములను జూపి, వెంటనున్న నాలుగేండ్ల బాలికకు కథ చెప్పితిమి. పిదప నామె మండపమున గూర్చుండి, తన బొమ్మల పుస్తకమును దలక్రిందుగా బట్టి, “అనగా ననగా నొక పంది, దాని నిద్దరు కొట్టిరి” అని వ్రేలు కదల్చుచు చదువసాగెను.

“అది పంది కాదు, మేక!” యని మాలో నొకరు నవ్విరి. బాలిక పుస్తకము మూసివేసెను. మాకు సిగ్గయ్యెను. పుట త్రిప్పుట, కథకు మొదలును తుదయు నుండుట, పుస్తకము మాటలాడునని తెలియుట: అక్షరములకు ముందటి చదువిదియే గదా!

“తరువాత నేమయ్యెనమ్మా?” యని యడిగితిమి. ఆమె మెల్లగా పుస్తకము తెరచెను. సోదరీమణులారా! అట్టి చదువును దిద్దకుడు, వినుడు.