మా నాన్న గైడ్ అయిన ఆదివారం

మ్యాట్రిమోనీ యాప్‌లో నా ప్రొఫైల్ పెట్టేటప్పుడు 'తండ్రి వృత్తి' అని ఒక బాక్స్ వచ్చింది. నేను 'బిజినెస్' అని కొట్టేసి ముందుకెళ్లిపోయాను. రెండు సెకన్ల పని. ఇంజినీరింగ్‌లో చేరిన రోజు నుంచి అలవాటైన పనే. కాలేజీలో ఎవరైనా అడిగితే 'కన్‌స్ట్రక్షన్ ఫీల్డ్' అనేవాణ్ణి. అది అబద్ధం కాదు. కానీ నిజం కూడా కాదు. మా నాన్న తాపీ మేస్త్రీ.

మాది నల్గొండ వైపు పల్లెటూరు. నేను చిన్నప్పుడే అల్మాస్‌గూడ వచ్చేశాం. అప్పుడు ఇక్కడ సగం పొలాలు, సగం ప్లాట్లు. నాన్నకు పనికి లోటు లేదు. బడంగ్‌పేట, మీర్‌పేట, బీఎన్ రెడ్డి నగర్... ఎక్కడ చూసినా కొత్త కాలనీలే. ఆయన కట్టిన గోడల మీదే నా ఫీజులు నడిచాయి. నాకు హైటెక్ సిటీలో జాబ్ వచ్చింది. పోయినేడు ఆయన మోకాళ్లు మొరాయించాయి. డాక్టరు మెట్లు ఎక్కొద్దన్నాడు. "ఇంక చాలు నాయినా, నా జీతం ఉందిగా" అన్నాను. ఆయన సరేనని తలూపి, రసమట్టం, తాపీ, తూకం గుండు గోనె సంచిలో చుట్టి మంచం కింద పెట్టాడు.

ఆ తర్వాత ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. పొద్దున్నే లేస్తాడు, టీ తాగుతాడు, గేటు దగ్గర కుర్చీ వేసుకుని ఎదురుగా కడుతున్న అపార్ట్‌మెంట్ వైపు చూస్తూ కూర్చుంటాడు. అంతే. నాలుగు నెలలు ఇదే సీను. అమ్మ ఒకరోజు, "నువ్వు పని మాన్పించినవు, మంచిదే. మరి పొద్దంతా ఏం జెయ్యాలె ఆయన?" అంది. నా దగ్గర జవాబు లేదు.

అప్పుడే ఆఫీసులో నా ఫ్రెండ్ తమ ఊరు గురించి చెప్పాడు. వాళ్లది మెదక్. "మా తాతయ్య రిటైర్డ్ టీచర్ రా. చర్చి చూడ్డానికి ఎవరొచ్చినా దగ్గరుండి తిప్పుతాడు. మీ నాన్నను తీసుకెళ్లు" అన్నాడు. నాన్న జన్మలో ఎక్కడికీ 'చూడ్డానికి' వెళ్లలేదు. వెళ్తే పనికి, లేదంటే పెళ్లికి, చావుకి. అడిగితే రానంటాడనే అనుకున్నాను. "రాతి కట్టడమా?" అని ఒకటే ప్రశ్న వేశాడు. అవునన్నాను. "పోదాం" అన్నాడు.

ఆదివారం పొద్దున దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి, ఎంజీబీఎస్‌లో మారి, జేబీఎస్‌లో దిగి మెదక్ బస్సు పట్టుకున్నాం. దాదాపు వంద కిలోమీటర్లు. దారి పొడవునా నాన్న కిటికీలోంచి కొత్త వెంచర్లు చూస్తూనే ఉన్నాడు. మెదక్ దగ్గర పడుతుండగా ఊరి మీద చర్చి టవర్ కనిపించింది. "అదేనా?" అని లేచి నిలబడ్డాడు. కండక్టర్ కూర్చోమన్నాడు.

తాతయ్య గేటు దగ్గరే మా కోసం చూస్తున్నారు. తెల్ల చొక్కా, చేతిలో గొడుగు. నాన్న గేటు దాటగానే చెప్పులు విప్పేశాడు. "ఇక్కడ అక్కర్లేదు తమ్మీ, లోపలికి పొయ్యేటప్పుడు విప్పుదువు" అన్నారు తాతయ్య. "గుడే గద సార్" అని నాన్న చెప్పులు చేత్తో పట్టుకునే నడిచాడు.

లోపల ఆదివారం ఆరాధన నడుస్తోంది. పాటలు బయటికి వినిపిస్తున్నాయి. "అది అయ్యేదాకా లోపలికి వద్దు. ముందు బయట చుట్టూ తిరుగుదాం. నిజానికి ఈ చర్చిని ముందు బయట్నుంచే చూడాలె" అన్నారు తాతయ్య.

ఎదురుగా నిలబడి మొదలుపెట్టారు. కట్టించింది ఛార్లెస్ వాకర్ పోస్నెట్ అనే ఇంగ్లిష్ మిషనరీ. మొదట సికింద్రాబాద్ తిరుమలగిరిలో బ్రిటిష్ సైనికుల మధ్య పనిచేసి, తర్వాత మెదక్ వచ్చాడు. 1914లో పని మొదలైతే పదేళ్లు పట్టింది. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ. అంటే ఈమధ్యే, 2024 క్రిస్మస్‌కి, వందేళ్లు నిండాయి. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు. ఒకేసారి ఐదు వేల మంది దాకా పడతారు. గంటల టవర్ 175 అడుగులు.

నూటడెబ్బై అయిదు అని నేను ఫోన్‌లో నోట్ చేసుకుంటుంటే నాన్న మెడ పైకెత్తి లెక్కేశాడు. "మన ఇల్లు ముప్పై ఐదు ఉంటది. గసొంటివి ఐదు ఒకదానిమీద ఒకటి." నాకు ఆ ఎత్తు అప్పుడు అర్థమైంది.

ఇక్కడొక మాట. 'వాటికన్ తర్వాత ప్రపంచంలో ఇదే పెద్ద చర్చి' అని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. అది నిజం కాదు. ఇది గోతిక్ పద్ధతిలో కట్టిన చర్చి. ఆ పద్ధతి యూరప్‌లో ఎనిమిది, తొమ్మిది వందల ఏళ్ల కిందట పుట్టింది. జర్మనీలో కొలోన్ నగరంలో ఉన్న గోతిక్ కెథెడ్రల్ 1248లో మొదలై 1880లో పూర్తయింది. దాని టవర్లు 157 మీటర్లు. మన మెదక్‌ది 53 మీటర్లు. పోల్చి చిన్నబుచ్చడానికి చెప్పడం లేదు. ఫార్వర్డ్ మెసేజ్ అక్కర్లేకుండానే ఇది గొప్ప కట్టడం అని చెప్తున్నా. కొలోన్ వెనక శతాబ్దాల డబ్బు, శతాబ్దాల మేస్త్రీలు ఉన్నారు. ఇక్కడ ఉన్నవి పదేళ్లు, ఒక కరువు.

అవును, కరువు. తాతయ్య గొంతు అక్కడే మారింది. ఆ రోజుల్లో ఈ ప్రాంతమంతా కరువుతో అల్లాడుతోంది. ఊరికే తిండి పెట్టే బదులు పని ఇచ్చి తిండి పెడదామని పోస్నెట్ అనుకున్నాడట. చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం వచ్చారు. రాళ్లు కొట్టారు, మోశారు, పిల్లల ఆకలి తీర్చుకున్నారు. ఇప్పుడు మనం ఉపాధి హామీ అంటున్నామే, దాదాపు అలాంటి ఆలోచన.

అంతా చెప్పి తాతయ్య నాన్న వైపు తిరిగారు. "ఇంతకీ మీరేం జేస్తరు తమ్మీ?"

నా నోరు అలవాటుగా తెరుచుకుంది. "కన్‌స్ట్రక్షన్ ఫీల్డ్..." అనేలోపే నాన్న అన్నాడు: "మేస్త్రీని సార్."

తాతయ్య గొడుగు మడిచేశారు. "మరి ఇంతసేపు నాతోని చెప్పించుకుంటున్నరా! నేను సోషల్ సార్‌ను. తారీఖులే తెలుసు నాకు. రాయి సంగతి మీరు చెప్పాలె. పదండి."

అక్కడి నుంచి టూర్ మారిపోయింది. ముందు నాన్న, వెనక తాతయ్య, చివర నేను.

పక్క గోడ దగ్గరికి వెళ్లి నాన్న రెండు రాళ్ల మధ్య సందులో వేలు పెట్టాడు. వేలిని అలాగే అడ్డంగా జరుపుకుంటూ నడిచాడు. "సూడు, సందు ఎక్కడన్న వంకర పోయిందా? పోలే. కింద ఒక నూలు తేడా వస్తే పైకి పొయ్యేసరికి జానెడు అయితది. ఇంత ఎత్తు లేపాల్నంటే కిందినుంచే కనిపెట్టుకొని ఉండాలె." నేను ఫొటో తీయబోతే, "ఫోన్ పక్కకు పెట్టి చెయ్యి పెట్టి సూడు" అన్నాడు. పెట్టాను. ఎండకు రాయి వెచ్చగా ఉంది. వరసకూ వరసకూ మధ్య గీత నా వేలి కింద సూటిగా సాగింది.

మొనదేలిన కమాన్ల కింద ఆగాం. గోతిక్ కట్టడానికి గుర్తు అదే. మన కమాన్లు మామూలుగా అర్ధచంద్రంలా ఉంటాయి కదా, ఇవి పైన రెండు చేతులు జోడించినట్టు మొనదేలి ఉంటాయి. నాన్న కాసేపు చూసి, "మేము దర్వాజ మీద లోపల ఇనుము పెట్టి లింటెల్ పోస్తం. ఇక్కడ ఈ పక్క రాళ్లు ఆ పక్కోటిని నూకుతున్నయి, ఆ పక్కవి ఈ పక్కోటిని నూకుతున్నయి. రెండూ పడదామనే చూస్తున్నయి. అందుకే ఏదీ పడ్తలేదు" అన్నాడు. మొన ఉన్నందువల్ల బరువు పక్కకు తక్కువగా, కిందికి ఎక్కువగా దిగుతుంది. అందుకే గోడలు ఎత్తుగా లేపి, పెద్ద పెద్ద కిటికీలు పెట్టగలిగారు. ఇది నేను బీటెక్ ఫస్టియర్‌లో ఇంజినీరింగ్ మెకానిక్స్‌లో చదివాను. సప్లీలో పాసయ్యాను. ఆ రోజు ఇలా చెప్పే సార్ ఒక్కడు ఉంటే ఫస్ట్ అటెంప్ట్‌లోనే గట్టెక్కేవాణ్ణి.

గోడల నుంచి బయటికి పొడుచుకొచ్చిన దిమ్మెల్ని చూపించి, "వీటిని బట్రెస్‌లు అంటరు" అన్నారు తాతయ్య. "మా దగ్గర పాత ప్రహరీ ఒరుగుతుంటే వెనక ఊతం కడ్తం సార్. అదే ఇది. కాకపోతే ఇది ఒరగక ముందే కట్టిన్రు" అన్నాడు నాన్న. తాతయ్య పగలబడి నవ్వారు. "ముప్పై ఏండ్ల నుంచి చెప్తున్న, ఈ ముక్క నాకు తట్టలే" అన్నారు.

వెనక వైపు వచ్చేసరికి ఒక పెద్ద కిటికీ కనిపించింది. నల్లగా, మసక గాజు, దాని మీద అడ్డదిడ్డంగా సీసం గీతలు. రంగులే లేవు. చర్చి గురించి గూగుల్ చేసినప్పుడు చూసిన వెలిగిపోయే కిటికీలు ఇవేనా అని నాకు నిరాశగా అనిపించింది. "ఇవే. బయట్నుంచి ఇంతే. లోపలికి పోయినంక చూడు" అన్నారు తాతయ్య. బొమ్మలు గీసింది ఫ్రాంక్ శాలిస్‌బరీ అనే ఇంగ్లిష్ చిత్రకారుడు. మూడు కిటికీలు ఒకేసారి రాలేదు. 1927లో ఒకటి, 1947లో ఒకటి, 1958లో ఒకటి.

నేను అడిగాను, "తాతయ్యా, పోస్నెట్ పేరు తెలుసు, శాలిస్‌బరీ పేరు తెలుసు. రాళ్లు పేర్చినవాళ్ల పేర్లు?"

ఆయన జవాబు చెప్పేలోపు నాన్నే అన్నాడు. "మేస్త్రీ పేరు ఏ ఇంటి మీద రాస్తరురా? ఓనర్ పేరు రాస్తరు. గృహప్రవేశం దాకే మాకు ఆ ఇంట్ల పని. తర్వాత లోపలికి పొయ్యేటందుకు మాకేం పని ఉంటది?"

కోపంగా అనలేదు. టీలో పంచదార తక్కువైందన్నంత మామూలుగా అన్నాడు. నాకు మాత్రం గొంతులో ఏదో అడ్డం పడింది. లోపలికి రానివ్వని ఓనర్ల సంగతి సరే, నేనేం చేశాను? ఆయన కట్టిన ఇంట్లోనే పెరిగి, గేటు మీద ఆయన పేరు రాయడానికి సిగ్గుపడినవాణ్ణి నేనే కదా.

ఆరాధన అయిపోయింది. జనం బయటికి వస్తున్నారు. తాతయ్య నాన్న చెయ్యి పట్టుకుని, "రండి మేస్త్రీ గారూ, ఇప్పుడు లోపలికి పోదాం" అన్నారు. నాన్న ఒక్క క్షణం తటపటాయించాడు. "మాలాంటోళ్లు పోవచ్చునా?" "మీలాంటోళ్లు కట్టిందే గద" అన్నారాయన.

లోపలికి అడుగుపెట్టి తలెత్తాం. బయట నల్లగా ఉన్న అదే గాజు నీలం, ఎరుపు, పసుపు రంగుల్లో మండుతోంది. రంగుల వెనక ఉన్నది మామూలు ఎండే. చీకటి పడితే ఈ బొమ్మలు కనిపించవని, అందుకే వచ్చేవాళ్లు పగటిపూటే రావాలని తాతయ్య చెప్పారు. నాన్న బొమ్మల్ని కొంచెంసేపే చూశాడు. తర్వాత స్తంభాల దగ్గరికి పోయి ఒక కన్ను మూసి, తూకం గుండు లేకుండానే కంటితోనే నిలువు చూసుకున్నాడు. తలూపాడు. పాసయ్యారన్నమాట.

మీరు వెళ్తే ఒకటే సలహా. అందరిలా నేరుగా లోపలికి వెళ్లి, కిటికీ ముందు సెల్ఫీ దిగి వచ్చేయకండి. ముందు చుట్టూ ఒక రౌండ్ నడవండి. గోడ మీద చెయ్యి పెట్టండి. క్రిస్మస్ రోజుల్లో జనం విపరీతంగా ఉంటారు, తీరిగ్గా చూడాలంటే మామూలు రోజు మేలు. వీలైతే కట్టడం పని తెలిసినవాళ్లను ఒకరిని వెంట తీసుకెళ్లండి. అలాంటివాళ్లు మన ఇళ్లలోనే, మన చుట్టాల్లోనే ఉంటారు.

తిరుగు ప్రయాణంలో బస్సులో నాన్న ఆగకుండా మాట్లాడాడు. నాలుగు నెలల మాటలన్నీ ఒకేసారి. ఆయన నిద్రపోయాక నేను యాప్ తెరిచి ఆ బాక్స్ మార్చబోయాను. లిస్టులో డాక్టర్ ఉంది, గవర్నమెంట్ ఎంప్లాయీ ఉంది, బిజినెస్ ఉంది. మేస్త్రీ లేదు. 'అదర్స్' నొక్కి టైప్ చేశాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఆటో ఎక్కి అల్మాస్‌గూడ చేరేసరికి రాత్రి ఎనిమిది. మా వీధికి రెండు సందుల ముందే నాన్న ఆటో ఆపించాడు. "నడుద్దాం" అన్నాడు.

"మోకాళ్లు?"

"మెల్లగ పోదాం."

ఒక ఇంటి ముందు ఆగాడు. నేను రోజూ బైక్ మీద దాటిపోయే ఇల్లే. "ఇది నేను కట్టిందే. నువ్వు టెన్త్‌ల ఉన్నప్పుడు." ఇంకో నాలుగిళ్లు దాటాక, "ఆ మెట్లు నావే. మూడోసారి కూలగొట్టి మళ్ల కట్టిన, ఓనరమ్మకు నచ్చక." మలుపు దగ్గర, "ఈ ప్రహరీ కట్టిన పైసలతోనే నీ ల్యాప్‌టాప్."

మా ఇంటికి చేరేలోపు పదకొండు లెక్కపెట్టాను. అమ్మ గేటు దగ్గరే నిలబడి, ఇంతసేపేంది అని అడిగింది.

"ఇంక అయిపోలే" అన్నాడు నాన్న. "బడంగ్‌పేట దిక్కు మిగిలినయి. వచ్చే ఐతారం పోదాం."