ఆర్సీలో రాయని మాట

మళ్ళీ అక్టోబరు వచ్చింది. వేళచ్చేరిలో కార్లన్నీ ఫ్లైఓవర్ ఎక్కే రోజులు దగ్గరపడ్డాయి. పోయిన ఆదివారం సంఘం మీటింగులో ఇద్దరు ముగ్గురు నన్ను పక్కకు పిలిచి, "మీ తమ్ముడి కారు ఇన్సూరెన్సు సంగతి ఏమైంది?" అని అడిగారు. టీ తాగే లోపల చెప్పేసే కథ కాదది. అందుకే ఇక్కడ రాస్తున్నా. కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి. కంపెనీని తిట్టడానికి మాత్రం రాయడం లేదు. తప్పు మా ఇంట్లోనే మొదలైంది.

మా తమ్ముడు మీలో చాలామందికి తెలుసు. ఉగాది లెక్కలన్నీ వాడే రాస్తాడు. రెండో ఏట పోలియో వచ్చింది, రెండు కాళ్ళకీ క్యాలిపర్లు. గిండీలో ఒక ఆడిటర్ దగ్గర పని. ఇరవై ఏళ్ళు ఆటోల్లో తిరిగాడు. చేతి కంట్రోళ్ళున్న స్నేహితుడి కారులో డ్రైవింగు నేర్చుకుని, అదే కారులో పరీక్షకి వెళ్ళి లైసెన్సు తెచ్చుకున్నాడు. 2020 సెప్టెంబరులో సొంత కారు కొన్నాడు. గేర్ల పని లేని ఆటోమేటిక్.

దానికి రెండు మార్పులు చేయించాం. ఒకటి, స్టీరింగు పక్కన చేతి లివరు. ముందుకు తోస్తే బ్రేకు, వెనక్కి లాగితే యాక్సిలరేటరు. పుదుప్పేట్టలో ఒక మేస్త్రీ వాడి చెయ్యి కొలత తీసుకుని లేతు మీద చేసిచ్చాడు. 38,000 అయింది. రెండోది, మోటారుతో తలుపు వైపు తిరిగే డ్రైవరు సీటు. వాడు బయటనుంచే కూర్చుని బటన్ నొక్కితే సీటు లోపలికి తిరుగుతుంది. దానికి 84,000. రెండూ కలిపి 1,22,000.

ఇప్పుడు అసలు సంగతి. బండికి ఇలాంటి మార్పు చేస్తే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఆర్టీవోకి చెప్పి ఆర్సీలో రాయించుకోవాలి. మాకు తెలియక కాదు. ఏజెంటు ఇంటికొచ్చి చెప్పాడు కూడా. పాత అలవాటు కొద్దీ, "ఇన్‌వాలిడ్ క్యారేజ్ అని రాస్తారు సార్" అన్నాడు. 2019 సవరణలో ఆ మాట తీసేసి 'అడాప్టెడ్ వెహికల్' అని పెట్టారని నాకు చాలా తర్వాత తెలిసింది. ఆ రోజు అమ్మ చెవిన పడింది మాత్రం 'ఇన్‌వాలిడ్' ఒక్కటే. ఫోన్లో తప్పు నంబరు కొడితే వచ్చే మాట అది.

"చెల్లనిది అని రాస్తారా? వద్దు నాయనా. ఈ కాలంలో బండి నంబరు కొడితే అంతా ఫోన్లోనే వచ్చేస్తుందంట. రేపు ఎవరైనా సంబంధం వాళ్ళు చూస్తే?" అంది అమ్మ.

తమ్ముడు ఏమీ అనలేదు. నేనూ అమ్మ మాటకే తలూపాను. అమ్మ బాధ పడుతుందనేది సగం కారణమైతే, ఆర్టీవో ఆఫీసు చుట్టూ తిరగడం తప్పుతుందనేది మిగతా సగం. ఆర్సీలో లేనిది పాలసీలో ఎందుకని ఇన్సూరెన్సు ఫారంలో కూడా రాయలేదు.

2023 డిసెంబరు 3 రాత్రి మిచౌంగ్ వాన పట్టుకుంది. నేను పెళ్ళికని నెల్లూరు వెళ్ళి అక్కడే ఇరుక్కుపోయా, రైళ్ళు లేవు. కారు ఫ్లైఓవర్ మీద పెట్టి నీళ్ళలో నడిచి రావడం తమ్ముడికి కుదిరే పని కాదు. 4వ తేదీ తెల్లారేసరికి కింద పార్కింగులో సీటు ఎత్తున నీళ్ళు. వాడు మొదటి అంతస్తు బాల్కనీలో నిలబడి చూస్తుంటే, నీళ్ళలోపల కారు హెడ్‌లైట్లు వాటంతటవే వెలిగి, కాసేపటికి ఆరిపోయాయట. నాకు ఫోన్ చేసి అదొక్కటే చెప్పాడు. ఆ తుపాను మమ్మల్ని ముంచి 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. నేను 7న ఇల్లు చేరా.

ఒక్క పని మాత్రం సరిగ్గా చేశాం. బండి స్టార్ట్ చెయ్యలేదు. 2015 వరదలో మా పక్కింటాయన నీళ్ళు తగ్గగానే తాళం తిప్పాడు. ఇంజనులోకి నీళ్ళు పోయి కనెక్టింగ్ రాడ్లు వంగిపోయాయి. అది వరద నష్టం కాదు, మీరు స్టార్ట్ చేయడం వల్ల వచ్చిన నష్టం అని కంపెనీ పైసా ఇవ్వలేదు. ఇంజను ప్రొటెక్షన్ అనే యాడ్-ఆన్ విడిగా తీసుకుంటే తప్ప మామూలు పాలసీలో అది రాదు. అందుకని మేము బ్యాటరీ వైరు విప్పించి, నీటి మరక కనిపించేలా నాలుగు పక్కలా ఫోటోలు తీసి, కంపెనీకి చెప్పి, టోయింగులో గ్యారేజీకి పంపాం.

సర్వేయరు పదకొండు రోజులకి వచ్చాడు. ఊరంతా మునిగింది, ఆయన్ని అనడానికి లేదు. మంచి మనిషే. తివాచీలు, వైరింగు, కంప్యూటరు బాక్సు అన్నీ రాసుకున్నాడు. లివరు దగ్గరికొచ్చి ఆగాడు. జాయింట్లన్నీ తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. సీటు మోటారు కాలిపోయింది.

"ఇవి కంపెనీ ఫిట్టింగు కాదు. పాలసీలో లేవు, ఆర్సీలోనూ లేవు. చెప్పకుండా మార్పు చేశారని మొత్తం క్లెయిమే ఆపాలని కూడా రాయొచ్చు. నేను రాయడం లేదు" అన్నాడు తమిళంలో, మెల్లగా.

కంపెనీ బిగించిన వాటి రిపేరు ఖర్చు 1,48,000. అందులో వచ్చింది 96,000. బండికి మూడేళ్ళు దాటింది కనుక లోహపు భాగాలకి 25 శాతం, ప్లాస్టిక్కు, రబ్బరు, బ్యాటరీలకి 50 శాతం తరుగు కోశారు. అది రూలే, ఒప్పుకున్నాం. 1,22,000 పెట్టిన లివరు, సీటుకి మాత్రం సున్నా.

ఆ వారంలోనే మనకు తెలిసిన ఒకాయన సాయం చేస్తానని వచ్చాడు. పాత తేదీతో బిల్లు తయారు చేయిస్తా, ఏజెంటుని కూడా చూసుకుంటా అన్నాడు. నిజం చెప్తున్నా, నాకు ఆశ పుట్టింది. మేస్త్రీ అప్పట్లో తెల్లకాగితం మీద రాసిచ్చాడు తప్ప అసలు బిల్లే లేదు కదా అనుకున్నా.

తమ్ముడు ఒప్పుకోలేదు. "నేను రోజూ చేసే పనే అలాంటి బిల్లులు పట్టుకోవడం అన్నా. నేనే ఒకటి పెడితే రేపు ఆఫీసులో ఎలా కూర్చుంటా?" అన్నాడు. కాసేపాగి ఇంకో మాట కూడా అన్నాడు. "ఆరోజు ఆర్సీలో రాయిస్తే నాకు సిగ్గేమీ లేదు. మీకు ఉందని ఊరుకున్నా."

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

తర్వాత కూర్చుని నిజాయితీగా ఏం అడగొచ్చో చూశాం. కొత్త సీటు పాలసీలో లేకపోయినా, కారుతో వచ్చిన పాత సీటు ధర పాలసీ విలువలో ఉంది కదా, కనీసం దానికి కట్టండి అని కంపెనీ ఫిర్యాదుల అధికారికి ఉత్తరం రాశాం. మూడు వారాలకి ఒప్పుకున్నారు. తరుగు పోను 11,400 వచ్చింది. అంబుడ్స్‌మన్ దాకా పోదామా అన్నాను. "చెప్పనిది మనం, వాళ్ళేం చేస్తారు" అని వాడు అక్కడితో ఆపేశాడు.

లివరు, సీటు మళ్ళీ చేయించడానికి పది వారాలు పట్టింది. ఆ పది వారాలూ మళ్ళీ ఆటోలు. నలభై దాటిన ఒంటితో ఆటో ఎక్కి దిగడం ఇరవైల్లో ఉన్నట్టు ఉండదు. ఒకరోజు గిండీలో దిగుతూ పడ్డాడు. మోచెయ్యి గీరుకుంది, అంతే అన్నాడు. అమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు. మర్నాడు ఆవిడే నాతో, "ఆ ఆర్టీవో ఆఫీసు ఎక్కడరా?" అంది.

ఈసారి అన్నీ పద్ధతి ప్రకారం చేశాం. వైకల్య ధ్రువపత్రం, బిల్లులు పెట్టి దరఖాస్తు చేశాం. ఇన్‌స్పెక్టరు బండి చూసి ఆర్సీలో రాశాడు. పాలసీ రెన్యువల్‌కి వెళ్తే అక్కడ ఇంకో దెబ్బ. మోటారు టారిఫ్‌లో ఐఎంటీ 12 అని ఒకటుంది. వికలాంగుల కోసం మార్పు చేసిన బండి, ఆ సంగతి ఆర్సీలో నమోదై ఉంటే, సొంత డ్యామేజీ ప్రీమియంలో 50 శాతం తగ్గింపు. మాకు ఆ ప్రీమియం ఏటా 7,800 దాకా వచ్చేది. అంటే దాచిపెట్టి మూడేళ్ళుగా రెండింతలు కట్టాం. సీటు మోటారులాంటి ఎలక్ట్రికల్ ఫిట్టింగులకి ఐఎంటీ 24 కింద విలువలో 4 శాతం కట్టాలి. 84,000కి 3,360. ఆ తగ్గింపులోనే అది సరిపోయేది.

మన సభ్యులకి నేను చెప్పేది ఇంతే. మీ బండికి మ్యూజిక్ సిస్టం పెట్టినా, సీఎన్‌జీ కిట్టు పెట్టినా, ఇంట్లో పెద్దవాళ్ళ కోసం సీటు మార్చినా, బిల్లు తీసుకోండి. ఆర్సీలో రాయించాల్సిందైతే రాయించండి. పాలసీలో దాని పేరు, విలువ ఉన్నాయో లేదో చూసుకోండి. నీళ్ళొస్తే స్టార్ట్ చెయ్యకండి.

మీ తప్పు లేకుండా క్లెయిమ్ కొట్టేస్తే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, ఏడాది లోపల వెళ్ళాలి. మనకి తేనాంపేటలో అణ్ణాశాలై మీదే ఆఫీసు. బెంగళూరు, భువనేశ్వర్, ముంబై, పుణేల్లోనూ ఉన్నాయి. యానాం వాళ్ళు పుదుచ్చేరి కిందకదా అని చెన్నైకి రానక్కర్లేదు, వాళ్ళది హైదరాబాదు ఆఫీసు.

కొత్త ఆర్సీ వచ్చిన రోజు అమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని కార్డు తిప్పి తిప్పి చూసింది. "అడాప్టెడ్ అంటే ఏందిరా?" అని అడిగింది.

"నాకు సరిపోయేట్టు చేసుకున్న బండి అని" అన్నాడు తమ్ముడు.

"అంతేనా" అంది. కార్డు వాడి చేతికిచ్చి, కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

ఈ రాత్రి మీ పాలసీ కాగితం ఒకసారి తీసి చూడండి. అర్థం కాకపోతే వచ్చే మీటింగుకి పట్టుకురండి. తమ్ముడు వస్తాడు, తన కారులోనే.