గాలి తూర్పారబట్టిన నేల

ఉత్తర చైనాలో ము ఉస్ ఎడారి అంచున ఉన్న జింగ్‌బియెన్ దగ్గర రోడ్డు పక్క గట్టులోంచి చిటికెడు పసుపు మట్టి తీసి నలిపితే వేళ్ల మధ్య సన్న రవ్వలా గరగరలాడింది. అక్కణ్ణుంచి దక్షిణంగా దిగుతూ యానాన్ దాటి, ఆపిల్ తోటల లువోచువాన్ చేరేసరికి అదే మట్టి పిండిలా మెత్తబడింది. షియాన్ దగ్గర దాని గరుకు వేళ్లకు అందదు, పంటి కిందే తెలుస్తుంది. సుమారు 400 కిలోమీటర్లు సాగిన ఈ దారిలో, ఈ మట్టిని గాలి తెచ్చిందనడానికి నాకు కనిపించిన సాక్ష్యం ఈ వరసే. కళ్లంలో తూర్పారబడితే గింజ దగ్గర, తాలు దూరంగా, పొట్టు మరీ దూరంగా పడుతుంది. వాయవ్యం నుంచి వీచే గాలి ఇక్కడ ఆ పనే చేసింది. ఇసుక ఎడారి దాటలేదు, అతి సన్నని ధూళి సముద్రాలు దాటిపోయింది, ఎక్కువగా 10 నుంచి 50 మైక్రాన్ల రేణువులు ఈ దారి సాగే పీఠభూమి మీద వాలాయి. మన తలవెంట్రుక మందమే దాదాపు 70 మైక్రాన్లు!

ఇది నీరు తెచ్చిన ఒండ్రు కాకూడదా? నీరు పల్లం వెతుక్కుంటుంది. ఈ మట్టి కొండ నెత్తినా వాలులోనూ ఒకే దుప్పటిలా పరుచుకుంది, అందులో దొరికేవి నేల మీద బతికే నత్తల గుల్లలు. 1877లో జర్మన్ భూగోళ శాస్త్రవేత్త రిక్తోఫెన్ చైనా మీద రాసిన గ్రంథంలో ఇది గాలి పనేనని వాదించాడు. నాకు ఆ వాదనకు తిరుగు కనిపించదు.

చిక్కు నిలువు కోతలో వస్తుంది. లువోచువాన్‌లో సుమారు 130 మీటర్ల మందాన లేత పసుపు, ఎర్ర పొరలు ఒకదానిపై ఒకటి ఉన్నాయి. మంచుయుగాల పసుపు పొరల్లో రేణువు ముతక, వెచ్చని కాలాల ఎర్ర పొరల్లో సన్నం. ఎర్రమట్టి వానలకు చివికి సన్నబడి ఉండవచ్చనే అభ్యంతరం సబబే. అందుకే తేలిగ్గా చివకని పలుగురాతి రేణువులను పరిశోధకులు వేరుచేసి కొలిచారు. తేడా అప్పుడూ నిలిచింది. అయితే ముతక కనిపించిన ప్రతిచోటా గాలి జోరు పెరిగిందనడం తొందరపాటు. రేణువు గాలి బలాన్నే కాదు, తాను బయల్దేరిన చోటు ఎంత దూరమో కూడా చెబుతుంది. ఎడారే దక్షిణానికి జరిగితే, అదే గాలికి అదే ఊళ్లో ముతక ధూళి రాలుతుంది. అలా జరిగిందనడానికి రుజువు నేను బయల్దేరిన జింగ్‌బియెన్‌లోనే ఉంది: అక్కడి కోతల్లో పసుపు మట్టి పొరల నడుమ అచ్చమైన ఇసుక పొరలు.